కొత్త వైరసు తెగులును ఆనవాలు పట్టడం ఎలా?



వరికోతకు 2, 3 రోజుల ముందు చేలో మినుములు వెదజల్లి, పనలు తీసేనాటికి మొలక పైకి వచ్చేటట్లు చూసుకోవడం మన కృష్ణా డెల్టా రైతుకు ఒకరు నేర్పవలసిన పని కాదు. దుక్కి లేదు, తడి లేదు. మాగాణిలో మిగిలిన పదునే పైరుకు ఆధారం. ఘంటసాల, మొవ్వ, చల్లపల్లి, పామర్రు ప్రాంతాలలో సార్వా వరి అప్పులకూ కౌలుకూ సరిపోతే, యింటి ఖర్చుకు మిగిలేవి యీ మినుములే అనుకొనే వారున్నారు. అటువంటి పైరులో నెల తిరక్కముందే ఆకు రంగు మారితే గుండె గుభేలుమంటుంది. వెంటనే నోట వచ్చే మాట, "పల్లాకు తగిలింది" అని.

అది పల్లాకేనా? కాకపోతే మరేమిటి? యింతకుముందు మన చేలల్లో లేని తెగులు వస్తే దానిని యెవరు, యెట్లా ఆనవాలు పడతారు? దానికొక పేరు పెట్టినందువల్ల రైతుకు ఒరిగేదేమిటి? నేటి ప్రసంగం యీ విషయం గురించే.

ముందుగా వైరసు అంటే యేమిటో రెండు మాటలు. పురుగైతే కంటికి కనబడుతుంది. బూడిద తెగులైతే ఆకు మీద తెల్లని పొడి వేలికి అంటుతుంది. వైరసు అలా కనబడదు. పొగాకుకు వచ్చే మొజాయిక్ తెగులు ఆకుల రసాన్ని, సూక్ష్మజీవులను కూడా ఆపివేసే సన్నని పింగాణీ వడపోతలో వడగట్టినా, ఆ దిగిన రసం తెగులు కలిగిస్తూనే వుందని 1892లో రష్యాలో ఇవనోవ్‌స్కీ చూపాడు. 1898లో హాలెండు దేశస్థుడు బైజరింక్, యిది సూక్ష్మజీవి కాదు, వేరే జాతి పదార్థమని తేల్చాడు. అది మొక్క కణంలో ప్రవేశిస్తేనే పెరుగుతుంది. బయట వున్నంతసేపూ దానికి కదలికా లేదు, పెరుగుదలా లేదు. కనుకనే వైరసు తగిలిన మొక్కను మందు చల్లి బాగుచేయడం అనే మాట లేదు. మనం కొట్టే మందంతా దానిని మోసుకొని వచ్చే పురుగు మీదనే. మోసేది యే పురుగో తెలియకుండా కొట్టిన మందు డబ్బు నీళ్ళలో పోసినట్లే.

మన మినుములో వచ్చే వాటినే తీసుకుందాం. పల్లాకు తెగులును మొదట 1955లో ఢిల్లీలో పెసర పైరు మీద గమనించారు. నరియానీ అనే శాస్త్రవేత్త 1960లో దానిని ప్రకటించాడు. దీనిని మోసేది తెల్లదోమ. లేత ఆకుల మీద పసుపు, ఆకుపచ్చ మచ్చలు కలగాపులగంగా వస్తాయి. పోనుపోను ఆకంతా పసుపుపచ్చగా మారుతుంది. కాయ కూడా పసుపు తిరిగి, చిన్నదై, గింజ ముడుతలు పడుతుంది. తలమాడు తెగులు యిందుకు భిన్నం. ఆకుల అంచులు వెనక్కు ముడుచుకుంటాయి. ఆకు అడుగున యీనెలు యెర్రబారతాయి. మొక్క గిడసబారి, చివరకు తల మాడిపోతుంది. దీనిని మోసేవి తెల్లదోమలు కావు, తామర పురుగులు. యిక ఆకులు ముడతలు పడి, దళసరిగా, పెద్దవిగా పెరిగి, పూత గుబురుగానే వుండిపోయే తెగులొకటి వుంది. అది విత్తనం ద్వారా కూడా వస్తుంది. దీనిని కలిగించే వైరసు యేదన్న విషయంలో శాస్త్రజ్ఞుల మధ్య దశాబ్దాల తరబడి వాదం నడిచింది. చదువుకున్నవారికే అంత తకరారుగా వుంటే, గట్టు మీద నిలబడి ఒక్క చూపులో తేల్చేయడం యెలా సాధ్యం?

పైగా, వైరసు కానివి వైరసు వేషం వేస్తాయి. పక్క చేలో కలుపు కోసం కొట్టిన 2,4-డి మందు తుంపర గాలికి వచ్చి పడితే లేత ఆకులు సన్నగా, మెలికలు తిరిగి, అచ్చం వైరసు తగిలినట్లే వుంటాయి. ఇనుము ధాతువు అందని మొక్కకు కొత్త ఆకులు పసుపుబారతాయి. అయితే యీనెలు మాత్రం పచ్చగా నిలుస్తాయి, చేలో ఒక పట్టీగానో, ఒక మూలగానో మొక్కలన్నీ ఒకే తీరుగా వుంటాయి. పల్లాకు అలా రాదు. ఇక్కడొక మొక్క, అక్కడొక మొక్క పచ్చని వాటి నడుమ పసుపు జెండాల్లా నిలబడతాయి. వారం పది రోజులలో వాటి చుట్టూ మరికొన్ని తయారవుతాయి. తెగులు చేలో యెలా పరచుకొందో చూడడమే ఆనవాలు పట్టడంలో మొదటి మెట్టు. యీ పనికి రైతు కన్ను చాలు, ప్రయోగశాల అక్కర లేదు.

యిక, పేరు తెలియని తెగులు ఒక జిల్లాను ముంచినప్పుడు యేమి జరిగిందో చెబుతాను. యిది మన డెల్టాలో కాదు, అనంతపురంలో జరిగింది. అయినా మనకు యెందుకు పట్టాలో మీకే తెలుస్తుంది.

అనంతపురం యెర్రనేలల్లో వాన మీద ఆధారపడి వేసే పైరు వేరుసెనగ. 2000 సంవత్సరం ఖరీఫ్‌లో ఆ జిల్లాలో వేరుసెనగ మొక్కలు లేత దశలోనే చివరి ఆకులు మాడి, ఆ మాడు కాడలోకి దిగి, కాండం నల్లబడి, నిలువునా చావడం మొదలుపెట్టాయి. సుమారు 2,25,000 హెక్టార్లలో, అంటే మన లెక్కలో అయిదున్నర లక్షల ఎకరాలకు పైగా, పైరు దెబ్బతిన్నది. నష్టం 300 కోట్ల రూపాయలకు మించిందని అంచనా.

వేరుసెనగలో మొవ్వుకుళ్ళు అనే వైరసు తెగులు మన రాష్ట్రానికి పాతది. తామర పురుగులు తెచ్చేదే. మినుములో తలమాడు తెచ్చే వైరసు కూడా అదే. కాబట్టి అనంతపురంలో కూడా మొవ్వుకుళ్ళే వచ్చిందని మొదట అందరూ అనుకొన్నారు. అలా అనుకోవడంలో తప్పు లేదు. లేత మొక్కలో రెండూ ఒకటిగానే వుంటాయి. కానీ, నిదానించి చూసినవారికి కొన్ని తేడాలు కనబడ్డాయి. మొవ్వుకుళ్ళులో ఆకు మీద చక్రాల వంటి మచ్చలు వస్తాయి. మొవ్వు చచ్చినా మొక్క కొంతకాలం బతికి, పక్కల నుంచి పొట్టి పొట్టి కొమ్మలు వేసి, గుబురై పోతుంది. యీ కొత్త తెగులులో ఆ గుబురు లేదు. మాడు పైనుంచి కిందికి దిగడం, మొక్క చావడం, అంతే.

పటాన్‌చెరులో 1972లో నెలకొల్పిన ఇక్రిశాట్ సంస్థ వైరసు శాస్త్రజ్ఞులు యీ మొక్కలను పరీక్షించారు. డి.వి.ఆర్. రెడ్డి గారు, ఆర్.డి.వి.జె. ప్రసాదరావు గారు, ఎ.ఎస్. రెడ్డి గారు మొదలైనవారు కలిసి చేసిన ఆ పని ఫలితం 2002లో అచ్చయింది. ఆ పని యెట్లా నడుస్తుందో కొంచెం వివరంగా చెప్పుకుందాం. యే పైరులోనైనా కొత్త వైరసును పట్టే దారి దాదాపు యిదే.

మొదట ఆకు రసం. తెగులు తగిలిన లేత ఆకును చల్లని ద్రావకంలో నూరి రసం తీస్తారు. ఆరోగ్యంగా వున్న వేరే మొక్క ఆకు మీద సన్నని గరుకు పొడి చల్లి, ఆ రసాన్ని మెల్లగా రుద్దుతారు. గరుకు పొడి వల్ల ఆకు పైపొరకు కంటికి కనబడని గీతలు పడతాయి. వైరసు అందులోంచి లోపలికి పోతుంది. యిందుకు యెంచుకొనే మొక్కను ఆనవాలు మొక్క అనవచ్చు. అనంతపురం వైరసుకు మన బొబ్బర మొక్కే, రాయలసీమ వారు అలసంద అనేదే, ఆనవాలు మొక్కగా పనికి వచ్చింది. రుద్దిన ఆకు మీద కొద్ది రోజులకే మాడు మచ్చలు వచ్చాయి. అంటే, యిది రసం ద్వారా సంక్రమించే వైరసు. పల్లాకు వైరసు అయితే యిలా రసం రుద్దితే తేలికగా రాదు. దానికి తెల్లదోమ కావాలి. రసంతో వస్తుందా, అంటు కడితే వస్తుందా, యే పురుగుతో వస్తుంది, విత్తనంతో వస్తుందా అని ఒక్కొక్కటీ విడివిడిగా పరీక్షించడం వల్లనే వైరసు గుణం తెలుస్తుంది.

తరువాత సీరం పరీక్ష. శుద్ధి చేసిన వైరసును కుందేలుకు సూది ద్వారా యెక్కిస్తే, దాని రక్తంలో ఆ వైరసును పట్టుకొనే పదార్థాలు పుడతాయి. ఆ రక్తం నుంచి సీరం తీసి దాచుకుంటారు. తెలియని ఆకు రసానికి యీ సీరం కలిపినప్పుడు, అదే వైరసు అయితే పరీక్ష పళ్ళెంలో రంగు మారుతుంది. 1977 నుంచి మొక్కల వైరసులకు వాడుకలోకి వచ్చిన యీ పద్ధతిని ఎలీసా అంటారు. ఒక్క పళ్ళెంలో పదుల కొద్దీ నమూనాలు ఒకేసారి చూడవచ్చు. అయితే దీనికొక పరిమితి వుంది. "నీవు ఫలానా వాడివా?" అని అడిగితే అవుననో కాదనో చెబుతుంది గాని, "నీవెవరు?" అని అడిగితే జవాబు చెప్పదు. అనంతపురం మొక్కల రసం పొగాకు చార తెగులు వైరసుకు తయారు చేసిన సీరంతో "అవును" అన్నది.

పొగాకు చార తెగులు! ఆ పేరు విని వేరుసెనగ రైతులు ఆశ్చర్యపడి వుంటారు. 1936లో అమెరికాలో జాన్సన్ అనే శాస్త్రవేత్త పొగాకు మొక్క మీద మొదట వర్ణించాడు గనుక ఆ పేరు దానికి స్థిరపడింది. వైరసులకు పేర్లు యిలాగే వస్తాయి. మొదట యే మొక్క మీద దొరికితే ఆ మొక్క పేరు, మొదట యే గుర్తు కనబడితే ఆ గుర్తు పేరు. తరువాత అది నూరు రకాల మొక్కల మీద బతుకుతున్నదని తెలిసినా పేరు మారదు. ఊళ్ళో యింటిపేరు బట్టి మనిషి వృత్తిని చెప్పలేం కదా!

సీరం మాట ఒక్కదానితో ఆగకూడదు. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూస్తే దాదాపు గుండ్రని రేణువులు కనబడ్డాయి. వాటి పరిమాణం మిల్లీమీటరులో సుమారు ముప్పై వేలవ వంతు. ఆ తరువాత వైరసు లోపలి జన్యుపదార్థంలో, దాని పైతొడుగును తయారు చేసే భాగాన్ని అక్షరం అక్షరం చదివారు. ప్రపంచంలో యిదివరకు చదివి వుంచిన వైరసులతో పోల్చి చూస్తే అది పొగాకు చార వైరసేనని రూఢి అయింది. కొత్త జాతి కాదు, మన దేశంలో వేరుసెనగకు మాత్రం కొత్త. పొద్దుతిరుగుడు పైరును 1997 నుంచి కర్ణాటకలో, ఆ తరువాత మన వైపు మాడ్చివేస్తున్నది కూడా యిదే.

యిప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. పేరు తెలిస్తే రైతుకు యేమి ఒరిగింది?

మొవ్వుకుళ్ళు వైరసు తామర పురుగు కడుపులో పెరుగుతుంది. పిల్ల పురుగుగా వున్నప్పుడు తెగులు మొక్కను తిన్నదే, పెద్దదై రెక్కలు వచ్చాక, బతికినంతకాలం మొక్క మొక్కకూ అంటిస్తుంది. పొగాకు చార వైరసు అలా కాదు. అది పుప్పొడిలో వుంటుంది. పూలలో కాపురం వుండే తామర పురుగుల ఒంటికి ఆ పుప్పొడి అంటుకుంటుంది. అవి వేరుసెనగ ఆకు మీద వాలి గీకినప్పుడు, ఆ పుప్పొడిలోని వైరసు గాయంలోంచి లోపలికి పోతుంది. రెండింటిలోనూ వున్నది తామర పురుగే, కాని చేసే పని వేరు.

మరి వైరసు వున్న ఆ పుప్పొడి యెక్కడిది? వయ్యారిభామది. కొందరు దానిని కాంగ్రెసు గడ్డి అంటారు. 1955 ప్రాంతంలో పూనాలో మొదట కనబడిందని చెప్పే యీ కలుపు, నేడు రోడ్డు పక్క, రైలుకట్ట మీద, బీడు భూముల్లో లేనిచోటు లేదు. మన బెజవాడ చుట్టూ చూడండి, కాలువగట్లన్నీ దానివే. వైరసు తగిలినా వయ్యారిభామకు యే గుర్తూ కనబడదు; ఆకు పచ్చగా, పూలు తెల్లగా నవ్వుతూనే వుంటుంది. ఒక వాన పడితే మొలుస్తుంది, నెలల తరబడి పూస్తుంది. వేరుసెనగ మొలిచే వేళకు గట్టు మీద యిది విరగబూసి వుంటే పైరుకు ముప్పు సిద్ధంగా వున్నట్లే.

వేరుసెనగ పూవు సంగతి మీకు తెలుసు. విచ్చుకొనేసరికే లోలోపల దాని ఫలదీకరణ జరిగిపోతుంది. పుప్పొడి తామర పురుగులకు అందుబాటులో వుండదు. కనుక తెగులు తగిలిన వేరుసెనగ మొక్క నుంచి పక్క వేరుసెనగ మొక్కకు యీ వైరసు పాకడం లేదని పరిశోధకులు తేల్చారు. వచ్చేదంతా బయటి నుంచే.

దీని ఫలితం ఆలోచించండి. పల్లాకు తగిలిన మినుము మొక్కను మొదట్లోనే పీకి పూడ్చిపెట్టమని చెబుతున్నాం. యెందుకంటే తెల్లదోమ ఆ మొక్క నుంచే పక్క మొక్కకు తీసుకొని పోతుంది. అదే సలహా అనంతపురం వేరుసెనగకు చెబితే? కూలి పెట్టి పీకించిన ప్రతి మొక్కా దండగ. పైగా చేను పలచబడుతుంది; పలచని చేలో తామర పురుగులు మరింతగా వాలతాయి. అక్కడ కూలి పెట్టవలసింది చేలో కాదు, గట్టు మీద. వయ్యారిభామ పూతకు రాకముందే పీకించడానికి. అందుచేత అనంతపురం రైతులకు యిచ్చిన సలహాలలో గట్ల శుభ్రం మొదటిది. చేను చుట్టూ 4 వరసల జొన్న వేరుసెనగతోపాటే విత్తడం రెండవది. బయటి నుంచి గాలికి వచ్చే తామర పురుగులను యీ జొన్న దడి ఆపుతుంది. విత్తన శుద్ధి చేయడం, మొక్కలు ఒత్తుగా వుండేటట్లు విత్తడం వంటివి వీటికి తోడు. యీ వైరసు వేరుసెనగ విత్తనం ద్వారా రాదని కూడా పరీక్షలలో తేలింది; కాబట్టి ఆ భయంతో విత్తనాలు పారవేసుకోనక్కర లేదు. వయ్యారిభామను వట్టి చేతులతో పీకకండి. కొందరికి ఒళ్ళు దద్దుర్లు లేస్తాయి, ఉబ్బసం వస్తుంది. చేతికి తొడుగో, కనీసం గోనెపట్టో వుండాలి.

మన డెల్టాకు దీనితో యేం పని అని యెవరైనా అనుకోవచ్చు. బందరు తీరాన ఇసుక నేలల్లో వేరుసెనగ వేసేవారున్నారు. అంతేగాక పెసర, మినుము మొక్కలలో కూడా పొగాకు చార వైరసు సహజంగానే వస్తున్నట్లు తరువాతి పరిశోధనలో తేలింది. అంటే మినుము తల మాడితే అది మొవ్వుకుళ్ళు వైరసు కావచ్చు, పొగాకు చార వైరసూ కావచ్చు. చూపుకు అంత తేడా వుండదు. వరి మాగాణిలో చల్లిన మినుము చుట్టూ జొన్న దడి వేయడం మాటల్లో చెప్పినంత సులువు కాదు. తడి ఆరని నేల, వరి మోళ్ళు, పైగా యెవరి గట్టు వారిదే. కాని గట్టు మీద వయ్యారిభామను వరి కోతకు ముందే తీసివేయడానికి యే అడ్డంకీ లేదు. ఒక్కరు తీస్తే చాలదు. కాలువ కింద రైతులందరూ కలిసి ఒక్క రోజు పెట్టుకోవాలి.

పల్లాకు సంగతి వేరు. దానికి ఆధారం తట్టుకొనే విత్తనమే. ఎల్.బి.జి. 787, టి.బి.జి. 104, జి.బి.జి. 1 వంటి రకాలు అందుకోసం వచ్చినవే. అయితే, తట్టుకొనే రకం వేసినా చేను పసుపుబారిందంటే అది ముఖ్యమైన కబురు. వైరసు మారిందేమో, మరొక వైరసు వచ్చిందేమో! ఆ కబురు కోపంతో విత్తనం అమ్మినవారి దగ్గర ఆగిపోకూడదు, పరిశోధనా కేంద్రానికి చేరాలి.

యిక్కడ పక్కదారి పట్టి ఒక దూరదేశపు పైరును తలచుకొందాం. స్ట్రాబెర్రీ మన డెల్టాలో పండేది కాదు; లంబసింగి చలిలో కొందరు వేస్తున్నారు, మహాబలేశ్వరంలో పేరుపొందింది. దీనిని విత్తనంతో కాక తీగ పిలకలతో పెంచుతారు. తల్లి మొక్కలో వైరసు వుంటే పిలకలన్నింటికీ వారసత్వమే. అమెరికాలో నారు అమ్మేవారు అందుకే తల్లి మొక్కను పరీక్ష చేయిస్తారు. అనుమానించిన మొక్క నుంచి ఒక ఆకును తెచ్చి, అడవి జాతి స్ట్రాబెర్రీ ఆకుకాడకు అంటు కడతారు. ఆనవాలు మొక్క యిక్కడ అడవి జాతి అన్నమాట. కొన్ని వారాలకు దాని లేత ఆకులు హఠాత్తుగా మాడిపోతే వైరసు వున్నట్లు. చిత్రమేమంటే, రెండు మూడు ఆకులు మాడిన తరువాత వచ్చే ఆకులు మళ్ళీ మామూలుగానే వుంటాయి. ఆ ఒక్క వారమూ చూడనివాడు "మొక్క శుభ్రంగా వుంది" అని సర్టిఫికేటు వ్రాస్తాడు! లోపల వైరసు వుండనే వుంది.

యీ తెగులును కలిగించేది మనం చెప్పుకొన్న పొగాకు చార వైరసులోనే ఒక తెగ అని దశాబ్దాల తరబడి పుస్తకాలలో వ్రాశారు. 2004లో జానెటాకిస్, మాకే, మార్టిన్ అనే శాస్త్రజ్ఞులు దాని జన్యుపదార్థాన్ని చదివి, అది ఆ వైరసు కాదు, అదే కుటుంబంలోని వేరే జాతి అని నిరూపించారు. బ్లాక్‌బెర్రీ వంటి ముళ్ళపండ్ల తోటల్లో వున్నది కూడా ఆ వేరే జాతేనని తేలింది. చూడండి, మన వేరుసెనగలో కొత్తదనుకొన్నది పాత వైరసు అయింది. వారి పండ్లతోటలో పాతదనుకొన్నది కొత్త వైరసు అయింది. రెండూ నాలుగైదేళ్ళ తేడాలోనే బయటపడ్డాయి. మన మొవ్వుకుళ్ళు కథా అంతే. 1979 నుంచి దానిని టమాటాకు వచ్చే మచ్చల వడలు వైరసని పిలిచారు. అది వేరే వైరసని 1992లో ఇక్రిశాట్‌లో తేల్చి, వేరుసెనగ మొవ్వుకుళ్ళు వైరసు అని దానికి సొంత పేరు యిచ్చారు.

యీనాడు ఆకులో వున్న జన్యుపదార్థమంతటినీ ఒకేసారి చదివే యంత్రాలు వచ్చాయి. "నీవెవరు?" అనే ప్రశ్నకు అవి జవాబు చెబుతాయి, యెవరూ వెదకని వైరసులను కూడా పట్టి చూపుతాయి. యిది గొప్ప మేలే. కాని ఒక ఆకులో నాలుగు వైరసులు దొరికితే, వాటిలో తెగులు కలిగించింది యేది? యంత్రం ఆ మాట చెప్పదు. అందులో ఒకటి యే హానీ చేయకుండా వూరికే వుండిపోయేది కావచ్చు. దొరికిన వైరసును విడదీసి, ఆరోగ్యమైన మొక్కకు యెక్కించి, చేలో చూసిన తెగులే మళ్ళీ వచ్చిందని చూసి, ఆ మొక్కలో నుంచి అదే వైరసును తిరిగి తీస్తేనే నేరం రుజువైనట్లు. యీ పాత నియమం యంత్రాలు వచ్చినా చెల్లిపోలేదు.

యీ పనులన్నీ ప్రయోగశాల వారివి. అక్కడికి ఆకు చేరవేయడం మాత్రం రైతు, గ్రామంలోని వ్యవసాయ సహాయకుడు కలిసి చేయవలసిన పని. సరిగా తీయని ఆకు వల్ల పరీక్ష చెడిపోతుంది గనుక నాలుగు మాటలు చెబుతాను.

పూర్తిగా మాడిపోయిన ఆకు పంపకండి. అందులో వైరసు కూడా నశించి వుంటుంది, కుళ్ళు బూజులు మాత్రం దొరుకుతాయి. గుర్తులు అప్పుడప్పుడే కనబడుతున్న లేత ఆకులు, పొద్దున ఎండ యెక్కకముందు, 5, 6 వేర్వేరు మొక్కల నుంచి కోయండి. ఒక్కొక్క మొక్క ఆకులను వేరే సంచిలో వేయాలి. అన్నీ కలిపి కట్టగట్టవద్దు. మోటారు సైకిలు పెట్టెలో ఎండకు వేడెక్కిన ఆకు ఉడికిన ఆకుతో సమానం. చల్లటి పెట్టె వుంటే మంచిది, లేకుంటే మంచు ముక్కలు వేసిన పాలక్యాను చాలు. ఆకుకు మాత్రం నీరు తగలకూడదు. అదే రోజు పంపలేకపోతే ఆకులను ఒత్తుడు కాగితం మధ్య ఆరబెట్టినా కొన్ని పరీక్షలకు పనికి వస్తాయి. ఘంటసాల, గరికపాడు కృషి విజ్ఞాన కేంద్రాలు, గుంటూరు దగ్గర లాం ఫారం మనకు దగ్గర. మీ గ్రామంలోని రైతు సేవా కేంద్రం ద్వారా అయినా పంపవచ్చు.

ఆకుతోపాటు ఒక చీటీ వుండాలి. రకం పేరు, విత్తిన తేదీ, తెగులు మొదట కనబడిన తేదీ, చేలో యే వైపున మొదలైంది, గట్టు పక్కనా, నడుమనా, పక్క చేలలో యే పైరు వుంది, గట్టు మీద యే కలుపు పూసి వుంది, ఆకు తిప్పి చూస్తే తెల్లదోమ వుందా తామర పురుగు వుందా, యింతవరకు యే మందు యెన్నిసార్లు కొట్టారు అనే వివరాలన్నీ అందులో వ్రాయండి. ముఖ్యంగా కలుపు మందు కొట్టి వుంటే దాచవద్దు. తామర పురుగులను చూడాలంటే ఒక తెల్ల కాగితం మీద పూతను దులపండి. సన్నని, పొడుగాటి పురుగులు చకచకా పాకుతాయి.

అదే చేలో గుర్తులు లేని మొక్క నుంచి కూడా కొన్ని ఆకులు కోసి వేరే సంచిలో పంపండి. తెగులు ఆకులో దొరికినది ఆరోగ్యమైన ఆకులో కూడా దొరికితే, ఆ తెగులుకు కారణం మరొకటని శాస్త్రజ్ఞులు గ్రహిస్తారు. ఆ సంచి మీద "గుర్తులు లేనిది" అని పెన్సిలుతో వ్రాయండి. పెన్ను సిరా తడికి కరిగిపోతుంది. ఆ తరువాత యేది యేదో యెవరూ చెప్పలేరు.